సోషల్ మీడియాలో కనిపించింది వార్త అవుతుందో లేదో విలేకరి తేల్చుకునేదెలా?

విలేకరికి సోషల్ మీడియా ఉప్పందించే మనిషి లాంటిది. కబురు అందరికన్నా ముందే తెస్తుంది, దానికి పూచీ మాత్రం పడదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో విమానం హడ్సన్ నదిలో దిగింది. కాపాడటానికి వెళ్లిన ఫెర్రీలోని ఒకాయన ఫోన్‌తో తీసి ట్విట్టర్‌లో పెట్టిన ఫొటో కాసేపట్లోనే ఊరూరా పాకింది. అది నిజం. వరద నీటిలో, రోడ్డు మీద ఈదే సొరచేప ఫొటో కూడా అంతే వేగంగా పాకింది. అది అతికించిన బొమ్మ. 2011 నుంచి ఎక్కడ తుపాను వచ్చినా మళ్లీ పైకి తేలుతుంది.

ముందు వినే ఏర్పాటు చేసుకోండి. మీ బీట్‌లోని, అంటే మీరు వార్తలు రాసే రంగంలోని అధికారులు, సంఘాలు, వాళ్లతో గొడవపడేవాళ్లు అందరినీ ఎక్స్‌లో (ఒకప్పటి ట్విట్టర్) ఒక ప్రైవేట్ లిస్టులో పెట్టుకోండి. ఆ సంగతి వాళ్లకు తెలియదు.

పనికొచ్చే పోస్టు కనిపించగానే లింకు, స్క్రీన్‌షాట్ దాచుకోండి. కాసేపటికి డిలీట్ కావచ్చు.

అసలు పని ఇక్కడే మొదలవుతుంది. దాన్ని మొదట పెట్టిందెవరో వెతకండి. షేర్ చేసినవాళ్లు సాక్షులు కారు. ఫొటో ఇంతకుముందు నెట్‌లో ఎక్కడ వచ్చిందో వెతికిపెట్టే గూగుల్ లెన్స్‌లో, టిన్‌ఐలో దాన్ని వేసి చూడండి. వీడియో అయితే నాలుగైదు ఫ్రేములు ఆపి వాటిని వేయండి. పాతదైతే చాలాసార్లు ఇక్కడే దొరికిపోతుంది. దొరకలేదంటే కొత్తదని కాదు. బోర్డుల మీది భాష, నంబరు ప్లేట్లు, మాటల్లోని యాస, నీడలు చూడండి. ఆ చోటును గూగుల్ మ్యాప్స్‌లో వీధుల ఫొటోలు చూపే స్ట్రీట్ వ్యూలో పోల్చుకోండి. మామూలుగా వాట్సాప్‌లో పంపిన ఫొటోలో తీసిన సమయం, చోటు వివరాలు ఉండవు, ఒరిజినల్ ఫైలే అడగాలి. బ్లూ టిక్ చూసి నమ్మకండి, అది ఇప్పుడు డబ్బు కడితే వస్తుంది.

తర్వాత దాన్ని పెట్టినవాళ్లకు ఫోన్ చేయండి. మీ పేరు, పత్రిక పేరు చెప్పి, "ఇది మీరే తీశారా? ఎక్కడ నిలబడి తీశారు?" అని అడగండి. నిజంగా అక్కడున్న మనిషి ఫొటోలో లేని సంగతులు కూడా చెబుతాడు. వాడుకోవడానికి అనుమతి తీసినవాళ్ల దగ్గరే తీసుకోవాలి. మనిషి ఇంకా ప్రమాదంలోనే ఉంటే మరో వీడియో తీయమని అడగకండి.

ఐదు కామెంట్లు చూసి "నెటిజన్ల ఆగ్రహం" అని హెడ్డింగ్ పెట్టే అలవాటు మానాలి. ఆ ఐదుగురూ ఒక్కరే కావచ్చు!

ఇక నిందితుల పేర్ల విషయం. 2013లో బోస్టన్ మారథాన్ పేలుళ్ల తర్వాత రెడ్డిట్ అనే చర్చా వేదికలో జనం సంబంధం లేని విద్యార్థిని అనుమానితుడిగా చూపారు. ఎంత వైరల్ అయినా, దర్యాప్తు చేసేవాళ్లు చెప్పేదాకా పేరు వార్తలో రాసి పంపకండి, మీ సొంత అకౌంట్‌లోనూ పెట్టకండి.