కౌన్సెలర్ వచ్చేదాకా ఆగకండి: బడిలో మనసు గురించి చెప్పడం ఇలా మొదలుపెట్టండి

ఉదయగిరి మెట్టలో పనిచేసే టీచర్లకు ఇది చెప్పక్కర్లేదు, తరగతిలో కొందరి అమ్మానాన్నలు పనులకని బెంగళూరో చెన్నయో వెళ్లుంటారు, పిలకాయలు అవ్వ దగ్గరే పెరుగుతుంటారు. అలాంటి బిడ్డ వెనక బెంచీలో మౌనంగా కూర్చుంటే బద్ధకం అనేసుకోవద్దు.

2025 జులైలో సుప్రీంకోర్టు, మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో, వందమంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత ఉన్న కౌన్సెలర్ ఒకరైనా ఉండాలని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా శిక్షణ ఇవ్వాలని చెప్పింది. హెచ్‌ఎం దగ్గరా, తల్లిదండ్రుల కమిటీలోనూ ఈ మాట ఎత్తండి. ఈలోపు వారానికి ఒక పీరియడ్ మీరే తీసుకోండి. ఎనిమిదో తరగతి నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే మానసిక సమస్యల్లో మూడో వంతు 14 ఏళ్లలోపే, సగం 18 ఏళ్లలోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదో తరగతి పరీక్షల ముందు ఒక మీటింగు పెట్టి ధైర్యం చెబితే సరిపోదు.

మొదటి రోజు పెద్ద పెద్ద మాటలొద్దు. టెన్షన్, దిగులు, కోపం, నిద్ర పట్టకపోవడం, స్లిప్ టెస్ట్ రోజు పొద్దున్నే వచ్చే కడుపునొప్పి, ఇవి వాళ్లకు తెలిసినవే, అక్కణ్ణుంచి మాట్లాడించండి. పేరు రాయకుండా చీటీలు రాయించి అట్టపెట్టెలో వేయించండి, రాసింది ఎవరో తెలిసిపోయే చీటీని మాత్రం పైకి చదవకండి. "మీరు చెప్పింది స్టాఫ్‌రూమ్‌లో మాట్లాడను, కానీ ప్రాణం మీదికొచ్చేదైనా, మీతో ఎవరైనా తప్పుగా ప్రవర్తించినా, సాయం చేయగలిగిన పెద్దవాళ్లకు చెబుతాను" అని ముందే చెప్పేయండి. ఈ మాట దాచిపెట్టి తర్వాత బయటికి చెబితే ఆ బిడ్డ ఇంకెవరినీ నమ్మదు. అన్నట్టు, "పిచ్చోడు" అనే మాట తరగతిలో మానేయాలి, ముందు మనం.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సింది ఒక్క చోట. ఎవరైనా "బతకాలని లేదు" అన్నా, రాసినా, పక్కకు తీసుకెళ్లి "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, చెప్పుకునే దారి దొరుకుతుంది. "ఇంత చిన్నదానికా" అనొద్దు, దేవుడి మీద ఒట్టు వేయించొద్దు. ఒంటరిగా వదలకుండా అప్పుడే ఇంటివాళ్లను పిలిపించి, పురుగుమందు డబ్బాలు బిడ్డకు అందకుండా తాళం వేసి పెట్టమని గట్టిగా చెప్పండి, సేద్యం చేసే ఇళ్లలో ఈ ఒక్క పని ప్రాణం కాపాడగలదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలో చేసినా ఉచితమే, తెలుగులో మాట్లాడతారు. నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు వీలైతే మీరూ తోడు వెళ్లండి. కొట్టేదీ బాధపెట్టేదీ ఇంట్లోవాళ్లే అయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయండి. రెండు నంబర్లూ తాగునీళ్ల ట్యాంకు దగ్గర గోడ మీద పెద్దక్షరాలతో రాయించండి.

ఆ బిడ్డ తిరిగి బడికొచ్చాక అందరి ముందూ జాలి చూపకండి. రెండు రోజులకోసారి విడిగా పలకరించండి, దసరా సెలవులొస్తే అవ్వకు ఫోన్ చేసి నిద్రపోతోందా, తింటోందా అని కనుక్కోండి.