బ్లూటూత్ కోసం లైనక్స్ కెర్నెల్ కంపైల్ చేస్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

కెర్నెల్ కాన్ఫిగ్‌లో, అంటే కెర్నెల్‌లో ఏయే భాగాలు ఉండాలో చెప్పే సెట్టింగుల్లో, బ్లూటూత్ దగ్గర ఏదైనా మర్చిపోతే కంపైలర్ ఏమీ అనదు. ఎర్రర్ రాదు, వార్నింగ్ రాదు, కొత్త కెర్నెల్ చక్కగా బూట్ అవుతుంది. హెడ్‌ఫోన్ కలపబోతే మాత్రం అసలు అడాప్టరే లేదంటుంది. అందుకే జాగ్రత్తంతా కంపైల్ మొదలుపెట్టే మేక్ కమాండ్ కొట్టకముందే పడాలి.

మీ దగ్గర ఉన్నది బ్లూటూత్ కీబోర్డు ఒక్కటే అయితే ముందు ఒక వైరు కీబోర్డు పక్కన పెట్టుకోండి. బూట్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకోవాలన్నా, ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్క్‌కి పాస్‌వర్డ్ కొట్టాలన్నా ఆ సమయానికి బ్లూటూత్ సర్వీసు ఇంకా మొదలై ఉండదు. చిన్న యూఎస్‌బీ రిసీవర్‌తో వచ్చే వైర్‌లెస్ కీబోర్డులతో ఈ గొడవ లేదు, అవి కంప్యూటర్‌కి మామూలు యూఎస్‌బీ కీబోర్డులాగే కనిపిస్తాయి.

పాత కెర్నెల్‌ని తీసేయొద్దని అందరూ చెబుతారు. అది సరిపోదు. అదే వెర్షన్‌ని మళ్లీ కంపైల్ చేస్తుంటే లోకల్ వెర్షన్ అనే ఆప్షన్‌లో ఏదో ఒక తోక తగిలించండి. లేకపోతే కొత్త మాడ్యూళ్లు (కెర్నెల్ అవసరమైనప్పుడు లోడ్ చేసుకునే విడి భాగాలు) పాతవాటి ఫోల్డర్‌లోకే వెళ్లి వాటి మీద పడతాయి, మీరు భద్రంగా ఉంచుకున్నాననుకున్న పాత కెర్నెల్ కూడా చెడుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, డిజిటల్ సంతకం లేని మీ సొంత కెర్నెల్‌ని బూట్ కానివ్వకపోవచ్చు. ఆ ఏర్పాటు కూడా ముందే చూసుకోవాలి.

ఇక ఎక్కువమంది బోల్తా పడేది లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అనే కమాండ్ దగ్గర. ఆ క్షణంలో లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను చూసి, మిగతావన్నీ కాన్ఫిగ్‌లోంచి తీసేయడం దాని పని. కంపైల్ టైమ్ బాగా తగ్గుతుంది, నిజమే. కానీ అప్పుడు డాంగిల్ (యూఎస్‌బీలో పెట్టే చిన్న బ్లూటూత్ అడాప్టర్) పీకేసి ఉన్నా, బ్లూటూత్ మాడ్యూల్ లోడ్ కాకపోయినా అది మీకు అక్కర్లేదనే లెక్క. కాబట్టి ఆ కమాండ్‌కి ముందు డాంగిల్ పెట్టి, హెడ్‌ఫోన్, మౌస్, కీబోర్డు అన్నీ కనెక్ట్ చేసి ఒకసారి వాడండి. ఈ సెట్టింగులన్నీ ఉండే డాట్ కాన్ఫిగ్ ఫైల్‌కి కాపీ తీసి పెట్టుకోండి.

లాప్‌టాప్‌లో వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉంటాయి కాబట్టి రెండూ ఒకే డ్రైవర్‌తో నడుస్తాయనుకోకండి. చాలా కార్డుల్లో వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిలో వస్తే, బ్లూటూత్ యూఎస్‌బీ దారిలో వస్తుంది. పీసీఐ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌లో ఎంత వెతికినా బ్లూటూత్ దొరకదు, యూఎస్‌బీవాటిని చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీలో ఉంటుంది. దానికి కావలసింది హెచ్‌సీఐ యూఎస్‌బీ డ్రైవర్, అంటే బీటీయూఎస్‌బీ. దాని కింద కంపెనీవారీ ఆప్షన్లు ఉంటాయి. బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ మామూలుగా ఆన్‌లోనే ఉంటాయి. మీడియాటెక్ చిప్ ఉన్నవాళ్లు మాత్రం తమ ఆప్షన్‌ని తామే ఆన్ చేసుకోవాలి.

ఆప్షన్‌కి వై (కెర్నెల్‌లోనే కలపడం) పెట్టాలా, ఎం (విడి మాడ్యూల్‌గా ఉంచడం) పెట్టాలా? బ్లూటూత్‌కి నా ఓటు ఎప్పుడూ ఎంకే. ఈ చిప్‌లలో చాలావాటికి పని మొదలవ్వాలంటే ఫర్మ్‌వేర్ ఫైల్ (చిప్‌లోకి ఎక్కించే దాని సొంత ప్రోగ్రామ్) కావాలి, ఆ ఫైల్ రూట్ డిస్క్ మీద ఉంటుంది. డ్రైవర్‌ని కెర్నెల్‌లోనే కలిపేస్తే, డిస్క్ మౌంట్ కాకముందే ఫర్మ్‌వేర్ కోసం వెతుకుతుంది. దొరకదు. కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ‘డైరెక్ట్ ఫర్మ్‌వేర్ లోడ్’ ఫెయిలైందని, చివర ఎర్రర్ మైనస్ 2 అని వస్తుంది. ఆ 2కి అర్థం ‘అలాంటి ఫైల్ లేదు’ అని. ఫైల్ ఫోల్డర్‌లో కళ్లెదుటే ఉంటుంది, అందుకే జుట్టు పీక్కుంటారు. కలిపే తీరాలంటే ఆ ఫర్మ్‌వేర్‌ని కూడా ఎక్స్‌ట్రా ఫర్మ్‌వేర్ ఆప్షన్‌తో కెర్నెల్‌లోకి చేర్చాలి. మాడ్యూల్‌గా పెట్టినా అదే మైనస్ 2 వస్తే ఫైల్ నిజంగానే లేనట్టు, లైనక్స్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ వేసుకోండి.

బ్లూటూత్ మెనూలో అన్నీ టిక్ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండలేం. కావలసిన వాటిలో కొన్ని ఆ మెనూలోనే ఉండవు. లో ఎనర్జీ (తక్కువ కరెంటు వాడే రకం బ్లూటూత్) కీబోర్డులు, మౌస్‌లు పనిచేయాలంటే యూహిడ్ కావాలి, అది హిడ్ (కీబోర్డు, మౌస్ లాంటి పరికరాల) మెనూలో ఉంటుంది. హెడ్‌ఫోన్ మీది ప్లే, పాజ్ బటన్లకు యూఇన్‌పుట్ కావాలి, అది ఇన్‌పుట్ డివైస్‌లలో ఉంటుంది. లైనక్స్‌లో బ్లూటూత్‌ని నడిపే బ్లూజెడ్ సర్వీసు తన లెక్కల కోసం కెర్నెల్ క్రిప్టోని (ఎన్‌క్రిప్షన్ కోడ్‌ని) వాడుకుంటుంది, దానికి యూజర్ స్పేస్ హాష్, సిమెట్రిక్ సైఫర్ ఆప్షన్లు రెండూ క్రిప్టో మెనూలో ఆన్ చేయాలి. వైర్‌లెస్‌ని ఆన్, ఆఫ్ చేసే ఆర్ఎఫ్‌కిల్ సంగతీ అంతే, అది నెట్‌వర్కింగ్ మెనూలో విడిగా ఉంటుంది.

డాట్ కాన్ఫిగ్‌ని ఎడిటర్‌లో తెరిచి చేత్తో మార్చే అలవాటుంటే మానుకోండి. ఒక ఆప్షన్ ఆధారపడే ఇంకో ఆప్షన్ ఆఫ్‌లో ఉంటే, మీరు రాసిన లైను తర్వాతి మేక్‌లో చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఈ మెనూలన్నీ తెరిచే మెనూకాన్ఫిగ్‌లో స్లాష్ కొట్టి పేరు వెతికితే అది దేని మీద ఆధారపడిందో, ఎక్కడుందో చూపిస్తుంది. బయటికి వచ్చాక పదాలు వెతికే గ్రెప్ కమాండ్‌తో ఫైల్‌ని మరోసారి చూసి అప్పుడు కంపైల్ మొదలుపెట్టండి.

భద్రత మాటకొస్తే, పాత సోర్స్ పట్టుకుని కూర్చోవద్దు. 2017లో బయటపడిన బ్లూబోర్న్ అనే బ్లూటూత్ లోపాల్లో ఒకటి నేరుగా లైనక్స్ కెర్నెల్‌లోని ఎల్‌టూక్యాప్ (బ్లూటూత్ డేటాని చేరవేసే భాగం) కోడ్‌లోనే ఉంది. పెయిరింగ్ కూడా అవసరం లేకుండా, దగ్గరలో ఉన్నవాడు దాడి చేయగలిగే లోపం అది. 2020లో బ్లీడింగ్‌టూత్ అనే మరికొన్ని లోపాలు బయటపడ్డాయి. మీ బ్రాంచికి వచ్చిన తాజా స్టేబుల్ వెర్షన్ తీసుకోండి, మెమరీ మీద జరిగే కొన్ని దాడుల్ని పసిగట్టే స్టాక్ ప్రొటెక్టర్ ఆప్షన్‌ని ఆఫ్ చేయకండి. మెనూలో హై స్పీడ్ అనే పాత ఆప్షన్ కనిపిస్తే దాన్ని ఖాళీగా వదిలేయండి.

బూట్ అయ్యాక అడాప్టర్ కనిపిస్తూ కూడా ఆన్ కాకపోతే వెంటనే మళ్లీ కంపైల్‌కి పరిగెత్తకండి. ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ చూడండి. సాఫ్ట్ బ్లాక్ అంటే ఒక కమాండ్‌తో తీసేయొచ్చు, హార్డ్ బ్లాక్ అంటే మెషీన్ మీద స్విచ్చో, ఫంక్షన్ కీనో నొక్కి ఉందన్నమాట. కాసేపు కదపకుండా వదిలేసిన మౌస్ మళ్లీ కదిపినప్పుడు తడబడుతుంటే ముందుగా బీటీయూఎస్‌బీ ఆటోసస్పెండ్‌ని (ఖాళీగా ఉన్న అడాప్టర్‌ని నిద్రపుచ్చే ఏర్పాటుని) అనుమానించండి. మాడ్యూల్‌గా పెట్టుకున్నారు కాబట్టి ఒక పారామీటర్‌తో ఆపేయొచ్చు, కెర్నెల్‌ని మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.