ఉన్నట్టుండి తాడు లాక్కునే గుర్రం: ఏం చూడాలి, ఎలా ఆపాలి, పారిపోతే ఎలా పట్టాలి

విశాఖపట్నం ఆర్కే బీచ్‌లో ఏళ్ల తరబడి పిల్లల్ని మోసిన గుర్రం ఓ సాయంత్రం తల విదిల్చి, తాడు లాక్కుని రోడ్డెక్కితే చుట్టూ ఉన్నవాళ్లు "పొగరెక్కింది" అంటారు. నాలుగు దెబ్బలు పడతాయి. మర్నాడు అది మళ్లీ అదే పని చేస్తుంది. మాట వినే గుర్రం ఒక్కసారిగా మారిందంటే ముందు నొప్పిని అనుమానించాలి. ఒళ్లు, నోరు, కాళ్లు చూశాకే మిగతా లెక్కలు.

జీను దించి, వెన్నుపూసకు రెండు పక్కలా మూడు వేళ్లతో మూపు దగ్గర్నుంచి నడుము దాకా మెల్లగా నొక్కుతూ వెళ్లండి. ఒకచోట చర్మం అదిరి, నడుము కుంగి, చెవులు వెనక్కి వాలితే నొప్పి అక్కడే. మూపు మీద తెల్ల వెంట్రుకలు మొలిచాయంటే ఆ జీను చాలాకాలంగా ఒరుస్తోందని అర్థం. బీచ్ గుర్రాలకు అసలు బెడద పొట్టపట్టీ కింద ఉంటుంది. చెమట, ఉప్పుగాలి, ఇసుక కలిసి పట్టీ లోపలి అంచున పేరుకుంటాయి. ముందుకాలు ఒంటికి కలిసే మడత వెనక చర్మం గరుకు కాగితంతో రుద్దినట్టు లేచిపోతుంది. పైన వెంట్రుకలు కప్పేస్తాయి కాబట్టి కంటికి ఆనదు, అరచేయి ఆనించి చూడాలి. పట్టీ బిగిస్తుంటే కొరకబోయే గుర్రాల్లో చాలావాటికి అక్కడ పుండో, కడుపులో అల్సరో ఉంటుంది. పని అయ్యాక గుర్రంతో పాటు పట్టీని, జీను గుడ్డను కూడా మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. బిగించినప్పుడు పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి.

తర్వాత నోరు. కళ్లెం ఇనుము పెదవి మూలలో ఒకటి రెండు ముడతలు పడేంత ఎత్తులో కూర్చోవాలి. ముళ్లున్న కళ్లేలు ఇంకా వాడేవాళ్లున్నారు. బరువులు మోసే, బండ్లు లాగే జంతువుల విషయమై 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలు వాటిని నిషేధించాయి. నిషేధం సంగతి అలా ఉంచినా అవి పని చేయవు. లాగిన కొద్దీ నోరు కోసుకుపోతుంది, నొప్పి నుంచి తప్పించుకోవడానికి గుర్రం ఇంకా వేగంగా పరిగెడుతుంది. నమిలిన గడ్డి ఉండలుగా కింద పడుతున్నా, తల ఓ పక్కకి వంచి నములుతున్నా పళ్లు పదునెక్కాయని గుర్తు. పైపళ్ల బయటి అంచు బుగ్గను, కిందిపళ్ల లోపలి అంచు నాలుకను కోస్తాయి. పళ్లు ఏడాదికోసారి వైద్యుడికి చూపించి, పదునుంటే అరగదీయించాలి.

లాడాలు కొట్టించిన ఒకటి రెండు రోజులకే అల్లరి మొదలైతే మేకు లోపలి మెత్తటి భాగానికి దగ్గరగా దిగిందేమో చూడండి. నాలుగు గిట్టల్నీ వరసగా తాకితే నొప్పి ఉన్నది మిగతా వాటికన్నా వెచ్చగా తగలొచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి లాడాలు మార్చాలి. ఎప్పుడూ ఒకే పక్క నుంచి వచ్చేవాటికే బెదురుతుంటే ఆ పక్క కన్ను పరీక్ష చేయించండి. నీళ్లు కారుతుంటే, రెప్ప సగం మూసి ఉంచుతుంటే ఆలస్యం చేయొద్దు.

ఇంకొకటి, అరుదైనా మరచిపోకూడనిది రేబిస్. వీధికుక్కలున్న ఊళ్లో గుర్రం హఠాత్తుగా మీదపడి కరుస్తున్నా, మింగలేక చొంగ కారుస్తున్నా, వెనకకాళ్లు తడబడుతున్నా నోట్లో చెయ్యి పెట్టకండి. విడిగా కట్టి పశువైద్యుణ్ని పిలవండి. 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సాయం అడగొచ్చు. కరిచినా, చొంగ గాయానికి తగిలినా సబ్బుతో 15 నిమిషాలు పారే నీటి కింద కడిగి వెంటనే విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కో, దగ్గర్లోని ఆసుపత్రికో వెళ్లాలి.

ఒంట్లో ఏమీ లేదని తేలాక దాణా లెక్క. వానలు పట్టుకుని నాలుగు రోజులు బీచ్‌కి వెళ్లకపోయినా ఉలవలు మాత్రం రోజూ పెట్టేంతే పెడతారు. ఐదో రోజు గుర్రం నేల మీద నిలవదు. పని లేని రోజు ఉలవలు, శనగలు సగానికి తగ్గించి, గడ్డి పెంచండి. 350 కిలోల గుర్రానికి రోజుకు ఎండుగడ్డి లెక్కన 5 నుంచి 7 కిలోల మేత కావాలి. గుర్రం కడుపులో ఆమ్లం మేత ఉన్నా లేకున్నా ఊరుతూనే ఉంటుంది, అందుకని ఖాళీ కడుపుతో గంటల తరబడి నిలబెట్టకండి. జీను వేసే ముందు ఓ చేతికట్ట గడ్డి వేస్తే చాలా గుర్రాల చిరాకు సగం తగ్గుతుంది. నీళ్లు రోజుకు 25 నుంచి 40 లీటర్లు, మన ఉక్కపోతలో అంతకన్నా ఎక్కువే. చెమట బాగా పట్టే రోజుల్లో దాణాలో రెండు పెద్ద చెంచాల ఉప్పు కలపండి. వేడి 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదని ఆ 1965 నిబంధనల్లోనే ఉంది.

ఇక బెదురు. గుర్రం కళ్లు పక్కలకు ఉండటంతో దాదాపు 350 డిగ్రీలు చూస్తుంది, కనపడనివి ముక్కు కింద, సరిగ్గా తోక వెనక. సెల్ఫీ కోసం జనం చేరేది కూడా ఆ రెండు చోట్లకే. బుడగలమ్మేవాడు, గాలిపటం, ఎగిరే ప్లాస్టిక్ కవరు, ఫోన్ ఫ్లాష్ ఒక్కొక్కటిగా వస్తే ఓర్చుకునే గుర్రం, పావుగంటలో అన్నీ వస్తే చివరిదానికి ఎగిరిపడుతుంది. చూసేవాళ్లకు ఆ చివరిదే కనిపిస్తుంది కాబట్టి "కవరుకే పారిపోయింది" అంటారు. రెండుసార్లు ఉలిక్కిపడిందంటే మూడోదాని దాకా ఆగకుండా పక్కకు తీసుకెళ్లి పది నిమిషాలు నిలబెట్టండి. డిసెంబరు 4 నౌకాదళ దినం. విన్యాసాలు, వాటి రిహార్సళ్లు ఉన్న రోజుల్లో గుర్రాన్ని బీచ్ దరిదాపులకు తేవద్దు. బీచ్‌కి మాత్రమే అలవాటైన గుర్రాన్ని పెళ్లి ఊరేగింపుకి అద్దెకివ్వడం మా లెక్కలో తప్పు. డీజే, మందుగుండు అలవాటు చేయడం వారాల పని.

చేతిలో తాడు 3 నుంచి 3.5 మీటర్లు, బొటనవేలంత లావు నూలుతాడు అయితే మంచిది. నైలాన్ తాడు అరచేతిని కాలుస్తుంది. ఎడమ భుజం పక్కన నడుస్తూ, కుడిచేత్తో తలపట్టీకి జానెడు కింద పట్టుకోండి. మిగిలిన తాడును మడతలుగా ఎడమచేతిలో ఉంచండి. చేతికి చుట్టుకున్నారా, గుర్రం లాగినప్పుడు వేళ్లు తెగిపోతాయి.

బెదిరే ముందు రెండు మూడు సెకన్లు టైముంటుంది. తల పైకి లేస్తుంది, రెండు చెవులూ ఒకవైపే నిలుస్తాయి, ఊపిరి బిగపడుతుంది. అప్పుడే తల మీ వైపు తిప్పి, మీ చుట్టూ చిన్న వలయంలో నడిపించండి. మెడ తిన్నగా ఉన్న గుర్రాన్ని ఏ మనిషీ ఆపలేడు, మెడ వంగితే వెనకకాళ్ల బలం ముందుకు రాదు. తాడు బిగించి అలాగే పట్టుకుంటే అది ఎదురు లాగుతుంది. లాగి వదలండి, మళ్లీ లాగి వదలండి. ముందుకాళ్లెత్తి నిలబడితే తాడు వదులు చేసి భుజం పక్కకు జరగాలి, కిందికి లాగితే వెనక్కి పడుతుంది. పైన పిల్లాడుంటే గుర్రం తొలిసారి ఉలిక్కిపడగానే దించేయండి. రికాబులో, అంటే జీనుకు వేలాడే పాదం పెట్టే ఇనుప వలయంలో, పాదం ముందుభాగం మాత్రమే ఉండాలి, మడమ దాకా దూరితే పడ్డప్పుడు ఇరుక్కుంటుంది. పిల్లల్ని జీనుకు కట్టడం అస్సలు వద్దు.

చెయ్యి జారిపోతే వెంటపడి పరిగెత్తకండి. వెనక అడుగులు వినబడినంతసేపూ అది ఆగదు. చాలాసార్లు అది కట్టే చోటికో, తోటి గుర్రం దగ్గరికో పోతుంది, ఒకరు స్కూటర్ మీద వేరే వీధిలోంచి ముందే అక్కడికి చేరాలి. ఇద్దరు రోడ్డుకి రెండు వైపులా బళ్లు ఆపాలి, హారన్ కొట్టొద్దని చెప్పాలి, ట్రాఫిక్ ఎక్కువుంటే పోలీసు సాయానికి 112కి ఫోన్ చేయాలి. ఇనుప లాడాలు తారు మీద జారతాయి, మెత్తటి ఇసుకలో గుర్రం త్వరగా అలుస్తుంది. అందుకే రోడ్డు వైపు మనుషులు దూరదూరంగా నిలబడి ఇసుక వైపు దారి వదలాలి.

ఆగి మిమ్మల్ని చూసిందా, మీరూ ఆగండి. పక్కకి తిరిగి, కళ్లలోకి చూడకుండా, భుజం వైపుకి ఏటవాలుగా నడవండి. రెండు చెవులూ మీ మీద నిలిపితే ఒక అడుగు వెనక్కి వేయండి. బకెట్‌లో ఉలవలు గలగలలాడించడం బాగా పని చేస్తుంది. ముందు మెడ మీదుగా తాడు వేయండి, తర్వాతే తలపట్టీ.

పట్టుకున్నాక కొట్టారంటే గుర్రం దృష్టిలో ఆ దెబ్బ దొరికినందుకే, రేపు ఇంకా దూరం నుంచే పారిపోతుంది. పావుగంట నడిపించి, డొక్క కదలిక చూసి ఊపిరి లెక్కపెట్టండి, విశ్రాంతిలో నిమిషానికి 8 నుంచి 16 ఉండాలి. కాళ్లకు తాడు ఒరుసుకుందా, మేకులు గుచ్చుకున్నాయా చూడండి. గుచ్చుకున్న గాయం ఎంత చిన్నదైనా ధనుర్వాతం టీకా సంగతి పశువైద్యుణ్ని అడగండి.

ఒకసారి లాక్కుని గెలిచిన గుర్రం ఆ కిటుకు మరచిపోదు, తల అవతలికి తిప్పి భుజంతో నెట్టి పోతుంది. గేటు వేసిన ఆవరణలో, గుర్రానికి అవతలి పక్క గోడ ఉండేలా నడిపిస్తూ నాలుగడుగులు, ఆపడం, రెండడుగులు వెనక్కి, ఇలా పూటకు పది పదిహేను నిమిషాలు చేయించండి. తల తిప్పబోయే క్షణంలోనే వలయం తిప్పాలి, భుజం అడ్డంగా వచ్చేశాక లాభం లేదు. వరసగా కొన్ని రోజులు ఒక్కసారి కూడా లాక్కోకుండా నడిచాకే మళ్లీ బీచ్‌కి, అదీ మొదట జనం పలచగా ఉండే పొద్దున పూట, వీపు మీద ఎవరూ లేకుండా తీసుకెళ్లండి.