హంపి గోపురం ఫోటోలో వాలు ఎలా సరిచేశానంటే

హంపిలో విరూపాక్ష ఆలయం తూర్పు గోపురాన్ని దగ్గర నుంచి వైడ్ లెన్స్‌తో తీశాను. తొమ్మిది అంతస్తులూ ఫ్రేమ్‌లో పట్టాలంటే కెమెరా పైకి ఎత్తక తప్పదు. దాంతో గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వచ్చింది.

ఫోటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో, వాలు సరిచేసే ‘ట్రాన్స్‌ఫామ్‌’ విభాగానికి వెళ్లి ‘ఆటో’ నొక్కితే కుదరలేదు. గోపురం అసలే పైకి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కదా! శిల్పి పెట్టిన వాలేదో, కెమెరా తెచ్చిన వాలేదో సాఫ్ట్‌వేర్‌కి ఎలా తెలుస్తుంది?

అందుకే ముందు లెన్స్ ప్రొఫైల్ కరెక్షన్ (లెన్స్ వల్ల వచ్చే వంపుల్ని సరిచేసేది) ఆన్ చేసి, మనం గీసిన గీతల్ని బట్టి వాలు సరిచేసే ‘గైడెడ్’ ఎంచుకున్నాను. అసలు కిటుకు ఇక్కడే ఉంది. గైడ్ గీతలు గోపురం అంచుల మీద గీయకూడదు. పైన ఇటుక, సున్నపు కట్టడం ఏటవాలుగా ఉంటుంది. కింది రాతి భాగంలో గోడకి అతికినట్టు చెక్కిన సన్నటి స్తంభాలు మాత్రం నిటారుగా ఉంటాయి. బాగా జూమ్ చేసి, ఎడమ చివరి స్తంభం అంచు వెంబడి ఒక గీత, కుడి చివర ఇంకొకటి గీశాను. గోపురం లేచి నిలబడింది, ఎంత సంతోషమేసిందో!

కాకపోతే పూర్తిగా సరిచేసేసరికి పైన కలశాలు సాగినట్టు అనిపించాయి. నిలువు వాలుని మార్చే వర్టికల్ స్లైడర్‌ని కొంచెం వెనక్కి తెచ్చి, ఎత్తు-వెడల్పుల నిష్పత్తి మార్చే ఆస్పెక్ట్‌ స్లైడర్‌తో ఎత్తు తగ్గించాను. తలెత్తి చూసే కంటికి కాస్త వాలు ఉంటేనే సహజంగా ఉంటుందని నా అభిప్రాయం. చుట్టూ ఆకాశం వదిలి తీయడం వల్ల క్రాప్‌లో శిఖరం తెగలేదు.