‘మా ఆచారం, మీకేటి?’ అన్నప్పుడు ఏం మాట్లాడాలి

పందిరికి తాటాకులు దించేశారు. పెళ్లికూతురు నా తొమ్మిదో తరగతి పిల్ల. శ్రీకాకుళం జిల్లాలో సంతబొమ్మాళి వైపు సముద్రం ఒడ్డున ఒక ఊరు. నేను వాకిట్లో నిలబడి, ఇది చట్టానికి విరుద్ధం, ప్రపంచమంతా తప్పంటోంది అని గట్టిగా చెప్పాను. తల్లి వలసంచి పక్కన పెట్టి లేచింది. “టీచరమ్మా, మా గుంట పెళ్లి మేం చేసుకుంటాం. ఇది మా ఆచారం. మద్దిన మీకేటి?” అంది. నా దగ్గర జవాబు లేదు. ఏటా డిసెంబరు 10న మానవ హక్కుల దినమని బోర్డు మీద రంగు సుద్దలతో రాయించేదాన్ని. ఆ రోజు ఒక్క ముక్కా పనికి రాలేదు. పెళ్లి జరిగిపోయింది. పిల్ల మళ్లీ బడికి రాలేదు.

ఆ తర్వాత చాలా వాకిళ్లు తిరిగాను. కొన్ని పెళ్లిళ్లు ఆగాయి, కొన్ని ఆగలేదు. కొత్తగా చేరిన టీచర్లు, అంగన్‌వాడీ అమ్మాయిలు, మహిళా పోలీసులు నన్ను అడుగుతుంటారు, అలాంటి చోట ఏం మాట్లాడాలి అని. వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

బయల్దేరే ముందు ఒక పని చేయండి. మీకు వింతగా ఉన్నది వేరు, తప్పు వేరు. ఆ రెండింటినీ విడదీసుకోండి. నేను సీతంపేట ఏజెన్సీలో కొన్నేళ్లు పనిచేశాను. అక్కడ మగపెళ్లివారు ఓలి, అంటే పిల్ల ఇంటివాళ్లకి సొమ్ము, ఇస్తారని విని, పిల్లను అమ్ముతున్నారే అనుకున్నాను. ఒక సవర గిరిజన పెద్దావిడతో ఆ మాటే అన్నాను. ఆవిడ కోపం తెచ్చుకోలేదు. “మీ పక్కన పిల్లని ఇచ్చి డబ్బు కూడా ఇస్తారట కదా. అదెలాగ?” అని అడిగింది. వాళ్లలో మొగుడితో పడకపోతే ఆడది వచ్చేయవచ్చు, మళ్లీ మనువాడవచ్చు. మొగుడు పోయినదాన్ని మూల కూర్చోబెట్టరు. పిల్ల మనసు విషయంలో వాళ్ల పద్ధతి మా వీధిలోని పద్ధతి కంటే మెరుగ్గా ఉంది. మేనరికం సంగతీ అంతే. మన జిల్లాల్లో మేనమామను చేసుకుంటే ఎవరూ విడ్డూరంగా చూడరు, ఇంకోచోట చెవులు మూసుకుంటారు. డాక్టర్లు చెప్పే సంగతి వేరే ఉంది, అది వాళ్లే చెప్పాలి. మనం అడగాల్సింది ఒకటే. ఆ పిల్ల ఈడెంత? వద్దంటే ఆ ఇంట్లో చెల్లుతుందా?

ఆ ప్రశ్న గట్టిగా పట్టుకోండి. ఎవరి నీతి వాళ్లది, బయటివాళ్లు తీర్పు చెప్పకూడదు అనేవాళ్ల మాటలో నిజం ఉంది. కానీ కష్టం ఎవరి మీద పడుతోందో, వాళ్ల నోరు కట్టేసి ఉన్నప్పుడు ఆ మాట చెల్లదు.

ఇక ఇంట్లోకి వెళ్లాక మొదట మాట్లాడకండి, అడగండి. ‘ఎందుకింత తొందర?’ అని మాత్రం అడిగి ఊరుకోండి. ఆచారం అనే మాట కింద చాలాసార్లు భయం ఉంటుంది. మా తీరంలో తండ్రి ఆగస్టులో చేపల వేటకి గుజరాత్‌లోని వెరావల్ బండెక్కితే వేసవికి గాని రాడు. తల్లి తెల్లారకముందే చేపల గంప ఎత్తుకుని సంతకి పోవాలి. ఈడొచ్చిన పిల్ల ఇంట్లో ఒక్కతే. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు, మధ్యలో సరుగుడు తోట. ఏమైనా అయితే ఎవరు పూచీ? ఇది ఆ తల్లి అడిగే ప్రశ్న. దీనికి మీరు అధికరణం నెంబరు చెబితే ఏం లాభం? కస్తూర్బా విద్యాలయంలో సీటు ఉందా, హాస్టల్లో ఎవరు చూసుకుంటారు, బస్సు ఎన్ని గంటలకి, ఇవి కనుక్కుని వెళ్లండి. నేను ఆపగలిగిన పెళ్లిళ్లలో ఎక్కువ హాస్టలు సీటుతోనే ఆగాయి.

తర్వాత, ‘ఇది మా ఆచారం’ అంటున్నది ఎవరో చూడండి. దాదాపు ఎప్పుడూ మామయ్యో, పెదనాన్నో, ఊరి పెద్దో అంటాడు. తల్లి కూడా వాళ్ల నోటి మాటే అంటుంది. ఒకసారి ముసలమ్మని పక్కకి కూర్చోబెట్టి, అమ్మమ్మా నీ పెళ్లప్పుడు నీకెన్నేళ్లు అని అడిగాను. లెక్క చెప్పలేదు. తొలి కాన్పు పోయిన సంగతి చెప్పింది, చాలాసేపు చెప్పింది. ఇంట్లో కోడళ్లకి కూడా ఆ సంగతి తెలియదు. ఆ ముసలమ్మదీ ఆ సంస్కృతే కదా. ఆవిడ మాట అందులో లెక్కకి రాదా?

మన ప్రాంతమే దీనికి సాక్ష్యం. చిన్నపిల్లల్ని డబ్బుకి ముసలివాళ్లకి కట్టబెట్టడం తప్పని చెప్పడానికి లండన్ నుంచి ఎవరో రానక్కర్లేకపోయింది. విజయనగరంలో మహారాజా ఆనంద గజపతి అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన అలాంటి పెళ్లిళ్ల జాబితా తీయించారు. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ ముందుమాటలో ఆ లెక్క ఉంది. మొత్తం 1,034 పెళ్లిళ్లు. అందులో 99 మంది పిల్లలకి అయిదేళ్లు, 44 మందికి నాలుగు, 36 మందికి మూడు. ఆరుగురికి రెండేళ్లు. ముగ్గురికి ఒక్క ఏడాది. ఈ అంకెలు నేను క్లాసులో ఎప్పుడు చదివినా చివరి అంకె దగ్గర గొంతు ఆగిపోయేది. అప్పుడూ అది ఆచారమే. దాన్ని తప్పన్నదీ మనవాళ్లే, 1892లో నాటకం ఆడించిందీ మన విజయనగరంలోనే. ఊరి పెద్దలు ఆచారం అన్నప్పుడు ఈ సంగతి చెప్పండి.

చదువుకున్నవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. ‘ఈ హక్కులన్నీ తెల్లవాళ్లు రాసుకున్నవి మేడమ్’ అంటాడు. వాడిని తోసిపుచ్చకండి, సగం న్యాయం ఉంది. 1947లో అమెరికా మానవ శాస్త్రవేత్తల సంఘమే, మెల్విల్ హెర్స్‌కోవిట్స్ రాసిన ప్రకటనలో, ఒక సంస్కృతి కొలతతో అందరినీ కొలవొద్దని హెచ్చరించింది. వలసలు ఏలిన దొరలు నాగరికత నేర్పుతామంటూ ఏం చేశారో వాళ్లు చూశారు. 1948 డిసెంబరు 10న పారిస్‌లో విశ్వ మానవ హక్కుల ప్రకటన ఓటుకి వచ్చినప్పుడు ఐక్యరాజ్యసమితిలో ఉన్నవి 58 దేశాలే, ఆఫ్రికాలో చాలా భాగం ఇంకా వలస పాలనలోనే ఉంది.

మిగతా సగం కూడా చెప్పండి. ఆ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో ‘మగవాళ్లందరూ’ అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటని మార్చి ‘మానవులందరూ’ అని పెట్టించింది మన గుజరాతీ ఆవిడ, హంసా మెహతా. 16వ అధికరణం ఈడొచ్చాక, ఇద్దరి ఇష్టంతోనే పెళ్లి అంటుంది. సౌదీ అరేబియాకి అది నచ్చలేదు. పాకిస్తాన్ నుంచి వచ్చిన షాయిస్తా ఇక్రముల్లా బాల్యవివాహాలని ఆపడానికి అది కావాలన్నారు. ఇద్దరిదీ ఒకే మతం. చివరికి మొత్తం ప్రకటనకి 48 దేశాలు ఔనన్నాయి, ఒక్కటీ కాదనలేదు, ఎనిమిది తటస్థంగా ఉన్నాయి. ఆ ఎనిమిదిలో నల్లవాళ్లని వేరుచేసి పాలిస్తున్న దక్షిణాఫ్రికా ఉంది. మా దేశం పద్ధతి మాది అనడం ఎవరికి అవసరమైందో దాన్ని బట్టే తెలుస్తుంది. ఆ మానవ శాస్త్రవేత్తల సంఘం కూడా 1999లో మానవ హక్కులని సమర్థిస్తూ ఇంకో ప్రకటన ఇచ్చింది.

ఇదంతా వినే ఓపిక వాకిట్లో అందరికీ ఉండదు. మా తీరంలో నేను వాడే మాట ఇంకొకటి ఉంది. 2018 నవంబరులో వెరావల్ నుంచి వేటకి వెళ్లిన మన శ్రీకాకుళం, విజయనగరం జాలర్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్ పట్టుకుని కరాచీ జైల్లో పెట్టింది. 2020 జనవరిలో వాఘా దగ్గర వదిలారు. ఆ ఏడాదికి పైగా ఈ ఊళ్లలో ఆడవాళ్లు ఏమని ఏడ్చారు? వాళ్లూ మనుషులే కదా, కనీసం కబురైనా తెలియనివ్వరా అని. అక్కడి పద్ధతి అక్కడిది, మనకేటి అని ఒక్కరూ అనలేదు. ‘మన మగాళ్ల కోసం పరాయి దేశాన్ని అడిగిన మాటే, మీ గుంట కోసం మిమ్మల్ని అడుగుతున్నాను వదినా’ అంటాను. దీనికి కోప్పడినవాళ్లు ఉన్నారు. తలుపు మాత్రం ఎవరూ వేయలేదు.

పిల్లతో విడిగా మాట్లాడటం మరిచిపోకండి. పదిమందిలో అడిగితే తల వంచుకుని ‘మా అమ్మ ఇష్టం’ అంటుంది, దాన్ని ఒప్పుకోలు అనుకోవద్దు. నూతి దగ్గరో, బడి వరండాలోనో అడగండి. పుట్టినతేదీ బడి రిజిస్టరులో చూసి రాసుకోండి. మాటలతో ఆగేలా లేకపోతే ఆలస్యం చేయకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ముహూర్తం ముందు రోజు దాకా ఆగితే పందిరి ఖర్చే వాళ్లకి పెద్ద కారణం అవుతుంది. ఫోన్ చేశాక ఆ ఇంటికి వెళ్లడం మానకండి. నేను మొదట్లో మొహం చెల్లక మానేసేదాన్ని, పిల్ల ఒంటరిదైపోయేది.

పెళ్లి అయిపోయినా మీ పని అయిపోలేదు. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం చిన్నప్పుడు పెళ్లి చేసిన పిల్ల, 18 నిండాక రెండేళ్ల లోపు జిల్లా కోర్టులో ఆ పెళ్లి రద్దు చేయమని అడగవచ్చు. అంటే 20 నిండేదాకా. ఆ పిల్ల ఏ ఊరు కాపురానికి వెళ్లిందో కనుక్కోండి. పండక్కి పుట్టింటికి వస్తుంది. అప్పుడు వెళ్లి ఈ సంగతి చెప్పండి, మీ ఫోన్ నెంబరు చీటీ మీద రాసి ఇవ్వండి.