లారీ ట్రాకర్‌కు సిమ్ డేటా, శాటిలైట్ లింకు సెట్ చేసుకోవడం ఎలా?

కడప నుంచి రాయచోటికి పోయే లారీ గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంది. మ్యాప్ మీద బండి గుర్తు అక్కడే ఆగిపోతుంది. ఓనరుకు టెన్షన్. డ్రైవర్‌కు ఫోన్ కలిపితే అదీ కలవదు. ఎర్రగుంట్ల సిమెంటు లారీలకూ, తాడిపత్రి బండల లారీలకూ నేను ఈ ట్రాకర్ పెట్టెలు బిగిస్తుంటాను. నా దగ్గరికి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. వెంటనే శాటిలైట్ పెట్టె కొనాలని చూస్తారు. ముందు సిమ్ వైపు సరిచేసుకోండి, చాలా బండ్లకు అదే సరిపోతుంది.

మొదట సిమ్ సంగతి. పాత 2జీ పెట్టెలో జియో సిమ్ పని చేయదు, ఆ కంపెనీకి 2జీ నెట్‌వర్కే లేదు. సిమ్‌ను ముందు ఫోన్‌లో వేసి పిన్ లాక్ తీసేయండి, డేటా వస్తోందో లేదో చూడండి. 13 అంకెల మెషిన్ సిమ్ (ఫోన్లకు కాక యంత్రాల కోసం ఇచ్చే సిమ్) అయితే ఏ నంబర్ల నుంచి ఎస్సెమ్మెస్ తీసుకుంటుందో అమ్మినవాళ్లనే అడగండి. ఏఐఎస్ 140 (బండ్ల ట్రాకర్లకు మన దేశపు ప్రమాణం) పెట్టెల్లో సిమ్‌ను కంపెనీయే ఎక్కించి పంపుతుంది, దాన్ని విప్పకండి.

తర్వాత ఏపీఎన్, అంటే సిమ్ ఏ ద్వారం గుండా ఇంటర్నెట్‌లోకి పోవాలో చెప్పే పేరు. మామూలు జియో సిమ్‌కు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్. మెషిన్ సిమ్‌కు వేరే పేరుంటుంది. దాంతోపాటు సర్వర్, అంటే పెట్టె పంపే సమాచారం అందుకునే కంప్యూటర్, దాని చిరునామా, పోర్టు నంబరు కూడా పెట్టాలి. టెల్టోనికా ఎఫ్ఎంబీ రకాల్లో ఇవన్నీ ఎస్సెమ్మెస్‌తోనే మార్చొచ్చు. ఒక్కో సెట్టింగ్‌కు ఒక నంబరుంటుంది: 2001 ఏపీఎన్‌ది, 2004 సర్వర్‌ది, 2005 పోర్టుది. లాగిన్, పాస్‌వర్డ్ పెట్టకపోతే కమాండ్‌కు ముందు రెండు ఖాళీలు తప్పనిసరి. ఒక్క ఖాళీ తగ్గినా పెట్టె ఉలకదు, పలకదు. వేరే కంపెనీల పెట్టెలకు కమాండ్లు వేరు, పుస్తకం చూసుకోండి.

ఇక్కడ అక్షరం అక్షరం చూసుకోవాలి. ఒకసారి ఒక బండికి అన్నీ పెట్టాను, సర్వర్‌లో బండి జాడ లేదు. రెండు గంటలు వైర్లు విప్పి, ఫ్యూజ్ మార్చి, యాంటెన్నా మార్చి చూశాను. చివరికి చూస్తే ఏపీఎన్ పేరు చివర ఒక ఖాళీ పడి ఉంది. అది తీసేసి పంపిన నిమిషంలో బండి మ్యాప్ మీదికి వచ్చింది. అప్పటి నుంచి పంపే ముందు కర్సర్‌ను చివరి అక్షరం దాకా జరిపి చూసుకుంటాను.

బండి కనిపించినా టైం ఐదున్నర గంటలు వెనక ఉంటే భయపడకండి. పెట్టె అంతర్జాతీయ సమయం పంపుతుంది, సర్వర్‌లో భారత కాలమానం ఎంచుకోండి.

ఇక అసలు విషయం. సిగ్నల్ లేకున్నా జీపీఎస్ ఆగదు, అది ఆకాశం నుంచి సంకేతాలు తీసుకుంటుందే గానీ టవర్‌తో పని లేదు. ఆగేది పంపడం ఒక్కటే. చాలా పెట్టెలు బండి ఎక్కడుందో చూపే చుక్కలను మెమరీలో దాచుకుని, టవర్ దొరికాక పంపుతాయి. ఆ సెట్టింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఘాట్‌లో బండి ఎక్కడ ఆగిందో ఓ గంట ఆలస్యంగా తెలిసినా ఫర్వాలేదనుకుంటే శాటిలైట్ ఖర్చు వద్దు.

నల్లమలలో ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు రోజూ బండ్లు తిప్పేవాళ్లకు, విలువైన సరుకు వేసేవాళ్లకు మాత్రం అప్పటికప్పుడు తెలియాలి. వాళ్లకు శాటిలైట్ లింకు ఉన్న మోడెమ్ కావాలి. కొనే ముందు అనుమతి చూసుకోండి. మన దేశంలో తురాయా, ఇరిడియం ఫోన్లు నిషేధం. టెలికం శాఖ అనుమతి ఉన్న సేవలే తీసుకోవాలి, ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిందని తెప్పించుకుంటే కేసు అవుతుంది.

మోడెమ్‌లో మొదటి దారి సిమ్, రెండో దారి శాటిలైట్ అని పెట్టండి. సిమ్ పోయాక ఐదు నిమిషాలు ఆగి మారమనండి, లేకపోతే ప్రతి మలుపులోనూ అటూ ఇటూ మారుతుంటుంది. 30 సెకన్లకు ఒకటి చొప్పున 10 గంటలు నడిస్తే రోజుకు 1,200 చుక్కలు. సిమ్‌లో అది నెలకు కొన్ని ఎంబీలే. శాటిలైట్‌లో పంపిన ప్రతిదానికీ డబ్బు లెక్కే, కాబట్టి అక్కడ అరగంటకు ఒకటి చాలు. ఎమర్జెన్సీ బటన్ నొక్కితే మాత్రం వెంటనే పోవాలి.

యాంటెన్నా కేబిన్ పైకప్పు మీద, పైన ఇనుము అడ్డం లేకుండా ఉండాలి. భూస్థిర ఉపగ్రహాలు, అంటే మనకు ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు ఉండేవి, భూమధ్యరేఖకు పైన ఉంటాయి, మనకు దక్షిణం వైపు. ఎత్తైన కంటైనర్ బండి ఉత్తరానికి పోతుంటే వెనకున్న కంటైనరే యాంటెన్నాకు అడ్డమవుతుంది. అందుకే కేబిన్ ముందు అంచుకు బిగించండి.

షెడ్డులో పచ్చ లైటు వెలిగిందని బండి అప్పజెప్పొద్దు. ఘాట్ ఎక్కించి దింపండి. దిగాక పది నిమిషాలు ఆగి మ్యాప్ తెరవండి. దారిపొడవునా చుక్కలు పడి ఉండి, మధ్యలో శాటిలైట్ పంపినవి విడిగా కనిపిస్తే డాష్‌బోర్డు మూత బిగించేయండి.