ఇంటి వీడియో నుంచి డీవీడీ దాకా – 5వ పాఠం: కంప్యూటర్లో ఆడింది, టీవీలో వణికింది

గత పాఠం చూసి డిస్కులు రాసినవాళ్లలో ఎక్కువమంది చెప్పింది ఒకటే మాట: కంప్యూటర్లో శుభ్రంగా ఉంది, హాల్లో ప్లేయర్‌కి పెడితే మనుషులు వణుకుతున్నారు. మెనూలు తయారుచేసే పాఠం అందుకే వెనక్కి జరిగింది. మెనూ ఎంత అందంగా ఉన్నా లోపల బొమ్మ వణికితే చూసేవాళ్లు లేచిపోతారు.

వణుకు కాని ఫిర్యాదులు ముందు తేల్చేద్దాం. ప్లేయర్ డిస్కునే గుర్తించకపోతే మీరు రాసింది డేటా డిస్కు అయి ఉంటుంది. ఎంపీ4 ఫైలును డిస్కు మీదికి లాగి పడేస్తే అది డీవీడీ అయిపోదు. డిస్కు తెరవగానే పై వరుసలోనే 'వీడియో టీఎస్' ఫోల్డర్ కనబడాలి, ఇంకో ఫోల్డర్ లోపల కాదు. అందులో ఐఎఫ్‌ఓ, బీయూపీ, వీఓబీ ఫైళ్లుండాలి. ఫైనలైజ్ చేయడం (రాసిన డిస్కుని చివర్లో మూసెయ్యడం) మరిచిపోయినా ఇదే గతి. వీడియో ఫైళ్లు మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌తో డీవీడీ ఎందుకు రావడం లేదని అడిగినవాళ్లకు: అది ఎంపీ4, ఎంకేవీ లాంటివే ఇస్తుంది, డీవీడీ ఇవ్వదు. దాంతో మనకు వేరే పని ఉంది, కింద చెబుతాను.

సినిమా డిస్కులో పట్టలేదన్నవాళ్లకు నా అడ్డదారి: 600ని నిమిషాలతో భాగించండి. వచ్చింది సెకనుకు మెగాబిట్లు, బొమ్మకీ శబ్దానికీ కలిపి. రెండు గంటల పెళ్లికి 5. గంటన్నరకి 6.6. అందులో శబ్దానికి 0.2 తీసేస్తే మిగిలింది బొమ్మకి. గంటలోపు సినిమాకి లెక్క 10 దాటుతుంది, అయినా 8 దగ్గర ఆపండి. నియమం ప్రకారం బొమ్మకి 9.8 దాకా వెళ్లొచ్చు గానీ, ఇంట్లో రాసిన డిస్కు మీద ఆ వేగానికి చవక ప్లేయర్లు నత్తినత్తిగా ఆడతాయి.

ఇక వణుకు.

పాత కెమెరా ఒక ఫ్రేమును ఒకేసారి తియ్యదు. ముందు ఒక వరుస గీతలు, సెకనులో యాభయ్యో వంతు తర్వాత మధ్య గీతలు. ఒక్కో వరుసా ఒక ఫీల్డ్. సెకనుకు 25 ఫ్రేములంటే 50 ఫీల్డులు, 50 వేరువేరు క్షణాలు. రాజమండ్రి వంతెన మీద రైలు పోతోందనుకోండి. ఫీల్డుల్లో రైలు 1, 2, 3, 4, 5, 6 అని ముందుకు జరగాలి. ఏ ఫీల్డు ముందో ఎన్‌కోడర్‌కి (డీవీడీ వీడియోగా మార్చే సాఫ్ట్‌వేర్‌కి) తప్పు చెబితే టీవీ 2, 1, 4, 3, 6, 5 అని చూపిస్తుంది. రైలు ఒకడుగు ముందుకీ, ఒకడుగు వెనక్కీ వేస్తుంది. కదలని వంతెన మాత్రం చక్కగా ఉంటుంది. వణుకు కదిలేవాటిలోనే ఉందంటే తప్పు ఇదే, డిస్కుని తిట్టకండి. కంప్యూటర్లో చాలా ప్లేయర్లు రెండు ఫీల్డుల్నీ కలిపి ఒకే బొమ్మగా చూపిస్తాయి గనక అక్కడ తప్పు బయటపడదు.

ఏది ముందన్నది కెమెరాని బట్టి. 2003 పుష్కరాలు మినీడీవీ క్యాసెట్లో ఉంటే కింది ఫీల్డు ముందు. 2015 పుష్కరాలు ఏవీసీహెచ్‌డీ హ్యాండీక్యామ్‌లో 1080ఐగా (1080 గీతలు, ఫీల్డులుగా) తీసి ఉంటే పై ఫీల్డు ముందు. వీహెచ్ఎస్‌ని యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బాతో ఎక్కిస్తే సాధారణంగా పై ఫీల్డే. ఫోను వీడియోకి ఫీల్డులే ఉండవు. రెండు పుష్కరాలూ ఒకే టైమ్‌లైన్ మీద అతికించి, మొత్తానికీ 'ఆటో' పెట్టి వదిలేస్తే రెండింట్లో ఒకటి వణికి తీరుతుంది. ముక్కముక్కకీ వేరుగా చెప్పి, వేరుగా మార్చి, ఆ తర్వాతే అతికించండి.

ఇందులో నాకు చిరాకు తెప్పించేది క్రాపింగ్, అంటే బొమ్మ అంచుల్ని కత్తిరించడం, జరపడం. వీహెచ్ఎస్ బొమ్మ అడుగున చిరిగిన పట్టీలా ఒక గజిబిజి కనబడుతుంది. అది టేపు హెడ్లు మారే చోటు. పాత టీవీల్లో అంచు దాటి పోయేది, ఇప్పటి టీవీల్లో కనబడుతోంది. దాన్ని దాచాలని బొమ్మని ఒక గీత కిందికో పైకో జరుపుతారు. ఒక్క గీత జరిగితే పై ఫీల్డు కింది ఫీల్డవుతుంది! సెట్టింగ్ సరిగ్గానే పెట్టానని ప్రమాణం చేసేవాళ్లంతా ఇక్కడే దొరికారు. జరిపితే 2, 4, 8, సరి సంఖ్యలోనే జరపండి. నన్నడిగితే జరపనే వద్దు, ఆ పట్టీ మీద నల్లరంగు పూయండి. అలాగే 576 గీతల బొమ్మని 480కి నొక్కినా ఫీల్డులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, మళ్లీ విడదీయలేరు. మినీడీవీ వచ్చేదే 720×576, పాల్ (మన టీవీ పద్ధతి, సెకనుకు 25 ఫ్రేములు) డీవీడీ అడిగేదీ అదే. ముట్టుకోకండి. డీఇంటర్లేస్ (ఫీల్డుల్ని పూర్తి ఫ్రేములుగా మార్చడం) కూడా వద్దు, సగం కదలిక పోతుంది. 1080ఐ అయితే ఎలాగూ నొక్కాలి గనక దాన్ని మాత్రం ముందు డీఇంటర్లేస్ చేసి, ఆ తర్వాత 576కి దించండి.

డిస్కు రాయకముందే పరీక్ష ఉంది. మార్చిన ఫైలుని వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి, డీఇంటర్లేస్ 'ఆన్' చేసి, మోడ్‌లో 'యాడిఫ్ 2ఎక్స్' పెట్టండి, అప్పుడు టీవీలోలాగే ఒక్కో ఫీల్డూ విడిగా కనబడుతుంది. అడ్డంగా వేగంగా కదిలే చోటు చూడండి. పాపికొండల లాంచీలోంచి ఒడ్డుని తీసిన షాటు దీనికి భలే పనికొస్తుంది. ఒడ్డు జారిపోతే మంచిది, దడదడలాడితే ఫీల్డు తిరగబడింది.

ఫోను వీడియోల బాధ వేరు. మొదట్లో పెదవికీ మాటకీ కుదురుతుంది, గంటయ్యేసరికి నాదస్వరం ముందు, గాలి ఊదడం తర్వాత. ఫోను ఫ్రేముల వేగం స్థిరంగా ఉంచదు, వెలుతురు తగ్గితే తగ్గిస్తుంది. హ్యాండ్‌బ్రేక్ అవసరం ఇక్కడ: 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్', 30, ఆర్‌ఎఫ్ (నాణ్యత అంకె) 16, శబ్దం 48 కిలోహెర్ట్జ్. ఆ ఫైలునే డీవీడీకి ఇవ్వండి. 30 ఫ్రేముల దాన్ని పాల్ 25కి కుదిస్తే సెకనుకి ఐదు ఫ్రేములు రాలిపోయి, జగ్గన్నతోట ప్రభలు భుజాల మీద ఊగడం మాని గెంతుతాయి. నేనైతే ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి, సెకనుకు దాదాపు 30 ఫ్రేములు) 720×480 పెడతాను. మన దగ్గర అమ్మే ప్లేయర్లు చాలావరకు రెండూ ఆడతాయి.

రాసేటప్పుడు ముందు ఐఎస్‌ఓ (డిస్కు మొత్తం ఒకే ఫైలుగా) తయారుచేసి, 4ఎక్స్ లేదా 8ఎక్స్‌లో రాయండి. యూపీఎస్ లేకపోతే కరెంటు పోయే వేళ మొదలెట్టకండి, సగంలో ఆగిన డీవీడీ-ఆర్ అక్కరకు రాదు. పరీక్షలకి డీవీడీ-ఆర్‌డబ్ల్యూ ఒకటి కొనుక్కోండి, చెరిపి మళ్లీ రాసుకోవచ్చు. మరీ పాత ప్లేయర్లు దాన్ని చదవవు, అది గుర్తుంచుకోండి. వరదలో నానిన క్యాసెట్లో టేపు అంచున తెల్లబూజు కనిపిస్తే మాత్రం వీసీఆర్‌లో పెట్టకండి, హెడ్లకంటుకుని తర్వాతి క్యాసెట్లకీ పాకుతుంది.

అభ్యాసం: ఒక మినీడీవీ ముక్క, ఒక వీహెచ్ఎస్ ముక్క, ఒక ఫోను ముక్క, ఒక్కోటి రెండు నిమిషాలు తీసుకోండి. మొదటి రెండింటినీ సరైన ఫీల్డుతో ఒకసారి, తిరగేసి ఒకసారి మార్చండి. వీహెచ్ఎస్ ముక్కని ఒక గీత జరిపి ఇంకోసారి. ఫోను ముక్కని 25తో ఒకసారి, 30తో ఒకసారి. పాల్‌వి ఒక ఆర్‌డబ్ల్యూ మీద, ఎన్‌టీఎస్‌సీది ఇంకోదాని మీద రాసి, పేర్లు చూడకుండా టీవీలో ఏది ఏదో చెప్పండి. చెప్పగలిగాక మెనూల పాఠానికి రండి.